సన్నబడే ఇంజెక్షన్ ఆపేముందు చేయాల్సిన పని

సన్నబడే ఇంజెక్షన్ మాట వస్తే బెజవాడలో ఇప్పుడు వినిపించేవి రెండే ప్రశ్నలు: ఎన్ని కేజీలు తగ్గుతాం, నెలకి ఎంతవుతుంది. ఆపేశాక ఏమవుతుందనే మూడో ప్రశ్న మొదలుపెట్టేటప్పుడు పెద్దగా ఎవరూ అడగరు. ఆపేసి నాలుగైదు నెలలై, ఆల్టరేషన్ చేయించుకున్న బట్టలు మళ్లీ బిగుతయ్యేదాకా అది గుర్తుకే రాదు. నిజానికి మొదట అడగాల్సింది అదే. బరువు తగ్గడం ఒక పని, తగ్గిన బరువును నిలబెట్టుకోవడం ఇంకో పని. ఈ మందులు మొదటి పని బ్రహ్మాండంగా చేస్తాయి, రెండోది మాత్రం వాడినన్నాళ్లే చేస్తాయి. ఆ తర్వాత అది మన మీద పడుతుంది, దానికి కావాల్సిన తయారీ ఆపాక మొదలుపెట్టేది కాదు, మందు వాడుతుండగానే చేసుకోవాల్సింది.

మందుల సంగతి క్లుప్తంగా. మౌంజారో పేరుతో వచ్చే టిర్జెపటైడ్ మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో దిగింది. అన్నం తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలై, ఇక చాలని మెదడుకు కబురు పంపుతుంది. మామూలుగా అది నిమిషాల్లో కరిగిపోతుంది. దాన్నే వారం దాకా నిలిచేలా మార్చి తయారు చేసినది సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ దాంతోపాటు జీఐపీ అనే మరో హార్మోన్‌ని కూడా అనుకరిస్తుంది. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఆకలి తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా తిండి ధ్యాస తగ్గుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి పునుగుల బండి వైపు కాళ్లు లాగడం ఆగిపోతుందన్నమాట. వాడినవాళ్లు ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఇక్కడే, ఇన్నేళ్లూ తమకి నోరు కట్టుకోవడం చేతకాదనుకున్నవాళ్లకి అసలు కట్టుకోవాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

ఆపితే అదంతా తిరిగొస్తుంది. ఇందులో ఊహకి తావు లేదు, పరీక్షించి చూసిన విషయమే. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్-1 ట్రయల్‌లో వారానికో ఇంజెక్షన్ చొప్పున 68 వారాలు వాడినవాళ్లు సగటున తమ బరువులో దాదాపు 15 శాతం తగ్గారు. ఆ ట్రయల్ అయ్యాక మందు, దానితోపాటు ఇచ్చిన డైట్ కౌన్సెలింగ్ రెండూ ఆపేసి, కొందరిని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. తగ్గిన బీపీ కూడా చాలావరకు పాత చోటికే చేరింది. టిర్జెపటైడ్ కథా అంతే. సర్‌మౌంట్-4 ట్రయల్‌లో 36 వారాలకి సగటున 21 శాతం దాకా తగ్గినవాళ్లని రెండుగా విడగొట్టి, సగం మందికి మందు కొనసాగించి, సగం మందికి వాళ్లకి తెలియకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కొనసాగించినవాళ్లు ఇంకో ఐదు శాతానికి పైగా తగ్గితే, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లు 14 శాతం పెరిగారు. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2026 జనవరిలో బీఎంజే అనే వైద్య పత్రికలో వేసిన లెక్క ప్రకారం, బరువు మందులు ఆపినవాళ్లు సగటున నెలకి 0.4 కేజీ చొప్పున పెరుగుతారు, అదే లెక్కన పోతే రెండేళ్లు తిరక్కుండానే మొదటి బరువుకి వచ్చేస్తారు.

సగటు అంటే అందరూ కాదు. తగ్గినదాంట్లో చాలా భాగం నిలుపుకున్నవాళ్లు కూడా ఈ ట్రయల్స్‌లో ఉన్నారు. కానీ నేను ఆ కొద్దిమందిలో ఉంటానని ముందే అనుకోవడం మాత్రం అమాయకత్వం.

పెరిగినవాళ్లని చూసి జనం అనే మాట, నోరు అదుపులో పెట్టుకోలేదు అని. ఇంట్లోవాళ్లే ముందంటారు. ఈ మాట తప్పు, ఎందుకు తప్పో తెలుసుకుంటే తర్వాత చేయాల్సిన పనీ తెలుస్తుంది. బరువు తగ్గడాన్ని శరీరం కరువుగానే చూస్తుంది, మనం కావాలని తగ్గామని దానికి తెలియదు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు పది వారాల కఠినమైన డైట్‌తో బరువు తగ్గినవాళ్ల రక్తాన్ని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ లాంటివి తక్కువగానే ఉన్నాయి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం కట్టిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: తగ్గిన ప్రతి కేజీకి రోజుకి సుమారు 100 కేలరీల ఆకలి పెరుగుతుంది, శరీరం ఖర్చు పెట్టేది మాత్రం 20, 30 కేలరీలు తగ్గుతుంది. అంటే పది కేజీలు తగ్గిన మనిషికి మందు అడ్డు తీసేయగానే మునుపటికంటే ఎక్కువ ఆకలి వేస్తుంది, అదే సమయంలో మునుపటికంటే తక్కువ తిండి సరిపోతుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినందుకు పేషెంటుని ఎవరూ తిట్టరు కదా, ఇక్కడ మాత్రం తిట్టేస్తారు.

ఈ ఊళ్లకి ఇది కొత్త అనుభవం కూడా కాదు. 2017, 18 ప్రాంతాల్లో విజయవాడ, గుంటూరు ఇళ్లలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఎంత ఊపు ఊపిందో గుర్తుండే ఉంటుంది, కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, అన్నం మాట ఎత్తకూడదు. అంతకు ముందు నుంచీ మంతెన సత్యనారాయణ రాజు గారి ఉప్పూ నూనె లేని ప్రకృతి ఆహారం ఉంది, కృష్ణ ఒడ్డున ఉన్న ఆరోగ్యాలయానికి వెళ్లి కొన్నాళ్లు ఉండి, తేలికపడి ఇంటికొచ్చినవాళ్లు ఎందరో. ఈ పద్ధతుల మంచిచెడ్డలు వేరే చర్చ. మొత్తానికి తగ్గడం ఇక్కడ చాలామందికి చేతనైన పనే, తగ్గాక మామూలు కంచంలోకి ఎలా రావాలన్నదే ఎప్పుడూ గాలికి వదిలేశారు. ఒక ఆదివారం పెద్దభోజనంతో డైట్ ముగుస్తుంది, సోమవారం నుంచి పాత లెక్కే. ఇంజెక్షన్ కూడా ఈ వరసలోనే చేరే ప్రమాదం ఉంది, తేడా ఏమిటంటే ఇది ఖరీదైనది.

ఖరీదే చాలామంది ఆపేయడానికి కారణం కూడా. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, వారానికొకటి అంటే నెలకి 14 వేలు. వెగోవీ మొదట్లో నెలకి 17 వేలకు పైనే, తర్వాత ధర తగ్గించారు. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో ముగియడంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. ధర దిగితే మొదలుపెట్టేవాళ్లు పెరుగుతారు, వాళ్లలో ఎక్కువమంది మధ్యలో ఆపేస్తారు కూడా. ఇంకొందరు వాంతులు, మలబద్ధకం పడలేక ఆపేస్తారు. ఇక పెళ్లి కోసం మొదలుపెట్టే బ్యాచ్ ఒకటుంది, ముహూర్తం దాకా వాడి తర్వాత మానేద్దామని. వాళ్లకో ముఖ్యమైన మాట: పిల్లల కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే సెమాగ్లుటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పెళ్లి ఆల్బమ్ తొందరలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆపాక మొదటి నెల చేసే మోసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెమాగ్లుటైడ్ వారానికి సగం చొప్పున శరీరంలోంచి పోతుంది, పూర్తిగా పోవడానికి ఐదు నుంచి ఏడు వారాలు పడుతుంది. టిర్జెపటైడ్ కొంచెం ముందే పోతుంది. అందుకే ఆపిన రెండు మూడు వారాలూ ఆకలి పెద్దగా తెలియదు, హమ్మయ్య, నాకు అలవాటైపోయింది, ఇక మందు అక్కర్లేదు అనిపిస్తుంది. అది అలవాటు కాదు, మిగిలిన మందు. అసలు పరీక్ష రెండో నెలలో మొదలవుతుంది. కాబట్టి ఆపే తేదీని క్యాలెండర్‌లో చూసుకునేటప్పుడు దానికి ఆరు వారాలు కలిపి చూసుకోవాలి. కార్తీక మాసం అయిపోగానే ఆపితే ఆకలి సరిగ్గా అరిసెల టైముకి దిగుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కదా అని మొదట్లోనే ఆపితే శ్రావణ శుక్రవారాల పూర్ణాలూ గారెల దగ్గర తేలుతుంది. మన క్యాలెండర్‌లో పూర్తిగా ఖాళీ నెలంటూ దొరకదు కానీ, సంక్రాంతికి ముందు ఆపడం కంటే పండగ దాటించి ఆపడం నయం.

ఇప్పుడు అసలు తయారీ. ఇంజెక్షన్ మీద ఉన్నప్పుడు ఎక్కువమంది చేసేది ఒకటే, అదే కంచం, తక్కువ తినడం. మూడు సార్లు అన్నం పెట్టించుకునేవాళ్లు ఒక్కసారితో లేచిపోతారు. పప్పు నాలుగు మెతుకులతో, వేపుడు కాస్త, పచ్చడి, పెరుగన్నం రెండు ముద్దలు. బరువు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. కానీ కంచంలో ఏమీ మారలేదు, సైజు మాత్రమే మారింది, ఆ సైజుని పట్టుకున్నది మందు. ఆకలి తిరిగొచ్చాక సైజు కూడా తిరిగొస్తుంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్కల్లో మనవాళ్ల కేలరీల్లో సగటున 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి, అన్నమే భోజనమైన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ సంఖ్య ఎవరినీ ఆశ్చర్యపరచదు. ఆకలి తక్కువగా ఉన్న ఈ నెలల్లోనే కంచాన్ని తిరగేయాలి, ముందు కూర, పప్పు, గుడ్డో చేపో చికెనో, వాటి తర్వాత అన్నం. ఆకలి మీద ఉన్న మనిషికి ఈ మార్పు నరకం, ఆకలి లేని మనిషికి పెద్ద కష్టం కాదు. మందు ఇచ్చే అసలైన లాభం ఈ వెసులుబాటే, దాన్ని కేజీల లెక్కలో పడి చాలామంది వదులుకుంటున్నారు.

ఇందుకు బయటి వంటలేమీ నేర్చుకోనక్కర్లేదు. పెసరట్టు ఉంది, రుబ్బిన పిండిలో బియ్యం వేయకుండా 50 గ్రాముల పెసలతో వేసుకుంటే పన్నెండు గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది, దాని కడుపులో ఉప్మా పెట్టి తింటే మాత్రం వ్యవహారం మారిపోతుంది. గుడ్డుకి ఆరు గ్రాములు. శనగ గుగ్గిళ్లు, బొబ్బర్ల గుగ్గిళ్లు, అన్నంలోకి కాకుండా ఉట్టినే తినగలిగేంత చిక్కటి గోంగూర పప్పు, ముల్లు తీసుకుంటూ మెల్లగా తినాల్సిన చేప, ఇవన్నీ కడుపులో నిలుస్తాయి. బరువు తగ్గేవాళ్లకి కేజీ శరీర బరువుకి ఒక గ్రాము, అంతకు కొంచెం ఎక్కువ ప్రొటీన్ అందాలని డాక్టర్లు సాధారణంగా చెప్తారు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క సొంతంగా వేసుకోకూడదు. నూనె సంగతి ఇంకోటి, ఒక టేబుల్ స్పూన్‌కి దాదాపు 120 కేలరీలు, వేపుడు మూకుడులో అది ఎన్నిసార్లు పడుతుందో వండేవాళ్లకే తెలియాలి. కొసరి కొసరి వడ్డించే ఇళ్లలో మొదటి నెలల్లోనే ఒక మాట చెప్పి ఉంచుకోవడం కూడా తయారీలో భాగమే. మందు ఉన్నప్పుడు వద్దంటే ఒంట్లో బాగోలేదేమో అనుకుని వదిలేస్తారు, ఆపాక వద్దంటే ఇప్పుడు మామూలుగానే ఉన్నావుగా, వేయించుకో అంటారు.

కండ సంగతి ఇంతకంటే ముఖ్యం, మన దగ్గర దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు. స్టెప్-1లో కొందరికి చేసిన స్కాన్‌లలో, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగమని తేలింది, అందులో కండ, నీరు వగైరా ఉంటాయి. టిర్జెపటైడ్‌లో ఇది నాలుగో వంతు. మందు ఆపి ఏ వ్యాయామమూ లేకుండా తిరిగి లావెక్కితే ఎక్కువగా చేరేది కొవ్వే. త్రాసు మీద పాత అంకె, లోపల మాత్రం పాతకంటే బలహీనమైన మనిషి. మనవాళ్లకి మొదటే కండ తక్కువ, పొట్ట ఎక్కువ కాబట్టే ఆసియావాళ్లకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువుని కొలిచే అంకె) 23 దాటితే అధిక బరువు, మన దేశంలో 25 దాటితే ఊబకాయం అని గీత కిందకి గీశారు.

డెన్మార్క్‌లో జరిగిన ఒక ట్రయల్ ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అక్కడ 195 మంది ఎనిమిది వారాలు రోజుకి 800 కేలరీల డైట్‌తో సగటున 13 కేజీలు తగ్గారు. తర్వాత ఏడాది పాటు కొందరికి ఈ కోవదే అయిన లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్, కొందరికి దగ్గరుండి చేయించే వ్యాయామం, కొందరికి రెండూ, మిగిలినవాళ్లకి ఏదీ లేదు. ఏడాది అయ్యాక అన్నీ ఆపేశారు. మరో ఏడాది గడిచాక చూస్తే, ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లకంటే ఆరు కేజీలు ఎక్కువగా తిరిగి పెరిగారు. ఇంజెక్షన్‌తోపాటు వ్యాయామం కూడా చేసినవాళ్లు మందు ఆగాక కూడా మెరుగ్గా నిలబడ్డారు. వ్యాయామంతో బరువు పెద్దగా తగ్గదన్నది నిజమే, మందు ఆపాక తగ్గిన బరువు నిలబడటానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

వ్యాయామమంటే ఇక్కడ వాకింగే గుర్తొస్తుంది. విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం, తెల్లారేసరికి నడిచేవాళ్లతో నిండిపోతాయి, మంచిదే, గుండెకీ షుగర్‌కీ మేలు. కండకి మాత్రం అది చాలదు, కండకి బరువు కావాలి. జిమ్‌కి వెళ్తే సరే, లేదంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుషప్స్, నీళ్ల బాటిళ్లు, రబ్బరు బ్యాండు, అపార్ట్‌మెంట్ మెట్లు. వారానికి రెండు మూడు రోజులు, మందు మీద ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మే నెల బెజవాడ ఎండలో వాకింగ్ మానేసి జూలైలో మళ్లీ మొదలుపెడదాంలే అనుకునేవాళ్లకి ఇంట్లో చేసే ఈ పద్ధతే దిక్కు, ఆ రెండు నెలల గ్యాప్‌లోనే చాలామంది అలవాటు తప్పుతారు.

ఇక త్రాసు. బరువు పెరుగుతున్నట్టు అనుమానం రాగానే త్రాసు ఎక్కడం మానేస్తాం, మనిషి స్వభావం అంతే. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, కనీసం 13.6 కేజీలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్న వేల మంది వివరాలున్నాయి. వాళ్లలో మూడొంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు, పదింట తొమ్మిది మంది సగటున రోజుకి గంటసేపు ఏదో ఒక శారీరక శ్రమ చేస్తారు. ఆ రిజిస్ట్రీని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన రీనా వింగ్ 2006లో ఒక పద్ధతిని పరీక్షించారు. తగ్గి ఆగిన బరువుని గుర్తు పెట్టుకోవాలి, దానికి కేజీన్నర లోపు అటూ ఇటూ ఉంటే పచ్చ, కేజీన్నర దాటితే పసుపు, రెండున్నర దగ్గరకి వస్తే ఎరుపు. పసుపులో చిన్న సర్దుబాట్లు, ఎరుపులో మళ్లీ పూర్తి డైట్. ఈ పద్ధతి నేర్చుకుని ముఖాముఖి కలుసుకుంటూ ఉన్న గుంపులో ఏడాదిన్నరలో 46 శాతం మంది ఎరుపులోకి వెళ్తే, ఉత్తరాలు మాత్రమే అందుకున్న గుంపులో 72 శాతం మంది వెళ్లారు. మందు ఆపినవాళ్ల మీద చేసిన పరీక్ష కాదిది, అయినా పద్ధతి పనికొస్తుంది. కేజీన్నర దగ్గర పట్టుకుంటే సర్దుకోవచ్చు, ఎనిమిది కేజీల దగ్గర పట్టుకుంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

అసలు ఆపాలా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఊబకాయాన్ని దీర్ఘకాల జబ్బుగా చూడమంది, ఈ మందుల్ని ఆహారం, వ్యాయామంలో సాయంతోపాటు దీర్ఘకాలం వాడవచ్చంది, అదీ షరతులతో. అందరూ జీవితాంతం వాడాలని కాదు. కానీ బీఎంఐ 35 దాటి, షుగరూ బీపీ ఉండి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియాతో రాత్రి నిద్రపట్టని మనిషికీ, పెళ్లిలో కనపడటానికి ఆరు కేజీలు తగ్గాలనుకున్న మనిషికీ ఒకే సలహా కుదరదు. మొదటి మనిషికి ఆపడం కంటే, భరించగలిగే తక్కువ డోసులో కొనసాగించడం కుదురుతుందేమో డాక్టరుతో మాట్లాడటం తెలివైన పని. రెండో మనిషి అసలు మొదలుపెట్టకుండా ఉండాల్సింది.

షుగర్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపడం మాత్రం ఒప్పుకోదగ్గ విషయం కాదు. ఇంజెక్షన్ మొదలుపెట్టినప్పుడు షుగర్ మరీ పడిపోకుండా డాక్టర్లు ఇన్సులిన్‌నో గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రల్నో తగ్గిస్తుంటారు, బరువుతోపాటు బీపీ దిగితే బీపీ మాత్రా తగ్గుతుంది. ఇంజెక్షన్ ఆగిపోయి, తగ్గించిన మాత్రలు తగ్గించినట్టే ఉండిపోతే, బట్టలు బిగుతయ్యేలోపే షుగర్ పైకి పోతుంది, దాన్ని ఏ అద్దమూ చూపించదు. ఆపిన నెలా రెండు నెలల్లో బీపీ, ఫాస్టింగ్ షుగర్, మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించుకోవడం సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో పూట పని.

ఒకసారి ఆపి, పెరిగి, మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, వదిలేసిన పెద్ద డోసు దగ్గరే అందుకోవడం, లేదా ఫ్రిజ్‌లో సగం మిగిలిన పాత ఇంజెక్షన్ పెన్ను బయటికి తీయడం. తెరిచిన పెన్ను కొన్ని వారాలే పనికొస్తుంది. పైగా వారాల తరబడి గ్యాప్ వచ్చాక కడుపు ఆ డోసుకి అలవాటు తప్పి ఉంటుంది, ఒక్కసారిగా పెద్ద డోసు పడితే వాంతులతో డీహైడ్రేషన్ దాకా వెళ్తుంది, ఎండాకాలమైతే మరీను. రెండు వారాలకి మించి గ్యాప్ వస్తే మళ్లీ ఏ డోసు నుంచి అందుకోవాలో డాక్టరుని అడగాలి, చాలాసార్లు సమాధానం మొదటి చిన్న డోసే అవుతుంది.